పశువుల శ్వాసకోశ వ్యాధిని రక్తంలోని జీవక్రియా పదార్థాలతో ఎలా గుర్తించాలి?

అమెరికా, కెనడాల్లో మాంసం కోసం కోడెలను మేపే ఫీడ్‌లాట్లకు శ్వాసకోశ వ్యాధి పెద్ద బెడద. దూరం నుంచి లారీల్లో దిగిన దూడలకు తొలి వారాల్లోనే ఎక్కువగా సోకుతుంది. వైరస్ దారి చూపితే మాన్‌హైమియా హీమోలిటికా వంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పశువు నీరసాన్ని దాచుకుంటుంది కాబట్టి చూపుతో చేసే నిర్ధారణ తరచూ తప్పుతుంది. రక్తంలోని గ్లూకోజ్, లాక్టేట్ (కణాలు గ్లూకోజ్‌ను వాడుకున్నప్పుడు వచ్చేది), అమైనో ఆమ్లాలు, కీటోన్ల (కొవ్వు కరిగినప్పుడు పుట్టేవి) తీరును బట్టి జబ్బును పట్టుకోవాలన్నదే ఈ పద్ధతి. ఇది ఇంకా ప్రధానంగా పరిశోధనశాలల పనే.

1. ముందు పశువులను ఎంచుకోండి. అసలు కష్టం ఇక్కడే. జబ్బు పశువులు ఒక గుంపు, ఆరోగ్యంగా ఉన్నవి రెండో గుంపు. ఒకే దొడ్డిలో, ఒకే మేత తినేవాటినే పోల్చాలి. 40 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం ఒక్కటే చాలదు. ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ చేయించాలి, ఆరోగ్యంగా కనిపించేవాటికి కూడా. మేత మానేసిన ఏ పశువైనా ఒంటి కొవ్వు కరిగించుకుంటుంది, కీటోన్లు పెరగవచ్చు. అందుకే కాలి కుంటుతో మేత తగ్గించిన పశువులను మూడో గుంపుగా పెట్టండి. లేకపోతే మీరు కొలిచేది జబ్బును కాదు, ఆకలిని.

2. చికిత్సకు ముందే, అన్నిటికీ ఒకే వేళలో, మెడ సిర నుంచి పశువైద్యుడితో రక్తం తీయించండి. పెనుగులాడితే లాక్టేట్ పెరుగుతుంది, నెమ్మదిగా పట్టుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న గొట్టం వాడండి. అదే పనికి సిట్రేట్ కలిపిన గొట్టమైతే రక్తంలోని సిట్రేట్ లెక్క చెడుతుంది.

3. గొట్టంలో కూడా రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూ లాక్టేట్‌ను వదులుతూనే ఉంటాయి. వెంటనే మంచులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రం) తిప్పి, రక్తకణాలు పోగా పైన మిగిలే ద్రవాన్ని, అంటే ప్లాస్మాను, చిన్న గొట్టాల్లో మైనస్ 80 డిగ్రీల వద్ద దాచండి. ఎర్రబారిన ప్లాస్మాను పక్కన పెట్టేయండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించవద్దు.

4. ల్యాబ్‌లో ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల స్పందనను బట్టి పదార్థాలను గుర్తించే పద్ధతి) గానీ మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి గుర్తించే పద్ధతి) గానీ వాడతారు. మొదటిదానికి తయారీ తక్కువ, ఫలితం నిలకడగా ఉంటుంది. రెండోది అతి తక్కువ మోతాదులనూ పసిగడుతుంది.

5. అంకెలు వచ్చాక తొందరపడకండి. కొన్ని పశువుల్లో వందల పదార్థాలు కొలిస్తే, ఏ రెండు గుంపులనైనా కంప్యూటర్ అందంగా విడదీసి చూపగలదు. మరో ఫీడ్‌లాట్ పశువులపైనా ఆ తేడా నిలిస్తేనే నమ్మండి.

నివేదిక రావడానికి రోజులు పడుతుంది. జబ్బు పశువుకు రక్తం తీసిన వెంటనే పశువైద్యుడు చెప్పిన చికిత్స మొదలుపెట్టి, ఇచ్చిన మందు, మోతాదు, వేళ రాసిపెట్టండి.