టెర్మినల్‌లో మోగిన పాట స్క్రిప్టులో ఎందుకు మోగట్లేదు?

లినక్స్‌లో మ్యూజిక్ ప్లేయర్‌ని స్క్రిప్టుతో నడపాలంటే చాలామంది వాడేది ప్లేయర్‌సీటీఎల్ అనే కమాండ్. అది నేరుగా ప్లేయర్ జోలికి వెళ్ళదు. డీబస్ అనే దారిలో (ప్రోగ్రాములు ఒకదానికొకటి కబురు పంపుకునే దారి), ఎంప్రిస్ అనే పద్ధతిలో "ఆపు", "తర్వాతి పాట" అని కబురు పంపుతుంది, అవతల ప్లేయర్ విని ఆ పని చేస్తుంది. అందుకే పని జరగనప్పుడు నేను ముందు స్క్రిప్టుని తిట్టుకోను, కబురు ఎవరికి చేరిందో చూస్తాను.

చేత్తో నడిపితే ఓకే, క్రాన్‌లో పెడితే చప్పుడే లేదు

పొద్దున ఆరింటికి పాట మొదలవ్వాలని క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి కమాండ్‌ని నడిపే ప్రోగ్రామ్) ఒక లైను రాసుకున్నాను. రాత్రి ప్లేయర్ తెరిచి పెట్టి (మూసి ఉన్న ప్లేయర్‌ని ప్లేయర్‌సీటీఎల్ తెరవలేదు) టెర్మినల్‌లో నాలుగుసార్లు టెస్ట్ చేశాను, నాలుగుసార్లూ మోగింది. తెల్లారి నేను లేచేసరికి ఏడున్నర, గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇలా జరిగితే ముందు క్రాన్ లైను చివర అవుట్‌పుట్‌ని ఎర్రర్లతో సహా ఒక ఫైల్లోకి మళ్ళించండి. తర్వాత తెరిచి చూస్తే ప్లేయర్లే దొరకలేదనో, బస్‌కి కనెక్ట్ కాలేకపోయాననో రాసి ఉంటుంది. ప్లేయరేమో కళ్ళెదురుగానే ఉంటుంది!

కారణం: మీరు లాగిన్ అయినప్పుడు మీకంటూ ఒక సెషన్ బస్ (మీ సొంత డీబస్ దారి) మొదలవుతుంది, దాని అడ్రస్ ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు అందుకునే పేరు-విలువ జత) ఉంటుంది. టెర్మినల్‌కి అది డెస్క్‌టాప్ నుంచి అందుతుంది, క్రాన్ మాత్రం దాదాపు ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో మొదలవుతుంది కాబట్టి దానికి ఆ అడ్రస్సే తెలీదు.

పరిష్కారం: ఆ వేరియబుల్‌ని స్క్రిప్టు మొదట్లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. పేరు డీబస్ సెషన్ బస్ అడ్రస్, అన్నీ క్యాపిటల్ అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్. విలువని గుర్తుంచుకుని టైప్ చేయకండి, పనిచేస్తున్న టెర్మినల్‌లో ఎకో చేసి కాపీ చేసుకోండి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్లలో సాధారణంగా అది రన్, యూజర్, 1000, బస్ అనే పాత్‌ని చూపిస్తుంది. అందులో 1000 మీ యూజర్ నంబర్, మీది వేరేది అయ్యుండొచ్చు. నన్నడిగితే క్రాన్ వదిలేసి సిస్టమ్‌డీ యూజర్ టైమర్ పెట్టుకోవడం మేలు, దానికి మీ సెషన్ బస్ అడ్రస్ తెలుసు కాబట్టి ఈ తలనొప్పి ఉండదు.

సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపినా ఇదే కథ, రూట్ అనే అడ్మిన్ యూజర్‌కి మీ బస్ అడ్రస్ తెలీదు. అక్కడ సుడో తీసేయడమే మందు.

పాట ఆపమంటే బ్రౌజర్‌లో వీడియో ఆగింది

బ్రౌజర్ కూడా ఎంప్రిస్‌లో ఒక ప్లేయర్‌గానే కనిపిస్తుంది. మీరు పేరు చెప్పకపోతే ప్లేయర్‌సీటీఎల్ దొరికినవాటిలో ఒకదాన్ని పట్టుకుంటుంది. హైఫన్ ఎల్ ఇచ్చి లిస్టు చూడండి, హైఫన్ పీ తర్వాత ప్లేయర్ పేరు రాయండి. చివరగా వాడిన ప్లేయర్‌కే కమాండ్ వెళ్ళాలంటే దానితో పాటే వచ్చే ప్లేయర్‌సీటీఎల్‌డీ అనే ప్రోగ్రామ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపిస్తే చాలు.

ప్లేయర్ తెరిచే ఉంది, లిస్టులో లేదు

ఎంప్రిస్ లేని ప్లేయర్ ఆ లిస్టులో కనిపించదు. వీఎల్‌సీకి అది లోపలే ఉంది. ఎంపీవీకి మాత్రం ఎంపీవీ-ఎంప్రిస్ అనే ప్లగిన్ వేయాలి.

పది సెకన్లు ముందుకి వెళ్ళమంటే పాట మొదటికొచ్చింది

పొజిషన్ కమాండ్‌కి 10 అని ఇస్తే పాటలో పదో సెకనుకి వెళ్ళమని అర్థం. పది సెకన్లు ముందుకి జరగాలంటే 10 తర్వాత ప్లస్ గుర్తు పెట్టాలి. ఆ ఒక్క గుర్తు మర్చిపోయి నేను చాలాసేపు ప్లేయర్‌నే అనుమానించాను.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. పొజిషన్ సెకన్లలో వస్తుంది, మెటాడేటాలో (పాట వివరాల్లో) పాట నిడివి మైక్రోసెకన్లలో వస్తుంది, అంటే 4 నిమిషాల పాటకి 24,00,00,000 అనే అంకె కనిపిస్తుంది. ఈ రెండిటినీ నేరుగా పోల్చే స్క్రిప్టు దృష్టిలో పాట ఎప్పటికీ అయిపోదు. నిడివిని 10 లక్షలతో భాగించి అప్పుడు పోల్చండి.

తర్వాతి పాటకి వెళ్ళాక పాత పాట పేరే వస్తోంది

నెక్స్ట్ కమాండ్ కబురు పంపేసి వెంటనే వచ్చేస్తుంది, ప్లేయర్ పాట మార్చి కొత్త వివరాలు పెట్టడానికి కాస్త టైమ్ పడుతుంది. మధ్యలో అర సెకను స్లీప్ పెడితే చాలాసార్లు సరిపోతుంది కానీ అది అతుకే. మెటాడేటా కమాండ్‌కి ఫాలో ఆప్షన్ ఇస్తే పాట మారిన ప్రతిసారీ అదే కొత్త లైను ఇస్తుంది.

మ్యాక్‌లో అయితే

పాత యాపిల్‌స్క్రిప్టు ఐట్యూన్స్ కోసం వెతుకుతుంటే పేరుని మ్యూజిక్ అని మార్చండి, 2019లో వచ్చిన కాటలీనాతో ఆ యాప్ పేరు మారింది. మైనస్ 1743 ఎర్రర్ వస్తే అది పర్మిషన్ గొడవ. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఆటోమేషన్‌కి వెళ్ళి, స్క్రిప్టుని నడుపుతున్న యాప్‌కి మ్యూజిక్ పక్కన అనుమతి ఆన్ చేయండి. టెర్మినల్‌కి ఇచ్చిన అనుమతి మీ కోడ్ ఎడిటర్‌కి వర్తించదు, దానికి మళ్ళీ విడిగా ఇవ్వాల్సిందే.