లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష: రాజుల చరిత్ర చదివే పద్ధతి

బ్రిటన్‌లో స్థిరనివాసానికో పౌరసత్వానికో దరఖాస్తు పెట్టే మనవాళ్లను ఈ పరీక్షలో తికమక పెట్టేది చరిత్ర అధ్యాయమే. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు. 18 సరిపోతే పాస్. టైము చాలుతుంది. తడబడేది పేర్లూ సంవత్సరాల దగ్గర.

అధికారిక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి బట్టీ పట్టకండి. ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి గీత గీయండి. దాని మీద రాజు అధికారానికి కత్తెర పడిన చోట్లు మాత్రమే గుర్తు పెట్టండి: 1215లో మాగ్నా కార్టా (రాజూ చట్టానికి లోబడాలన్న ఒప్పందం), 1649లో మొదటి చార్లెస్‌కు మరణశిక్ష, 1689లో హక్కుల బిల్లు, 1721లో తొలి ప్రధానిగా చెప్పే వాల్‌పోల్. చివర 1918, 1928: ముందు 30 దాటిన మహిళల్లో కొందరికి, తర్వాత పురుషులతో సమానంగా 21కే ఓటు. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ పోరాటం ఇక్కడే రాసుకోవాలి. మిగతా వాళ్లందరినీ ఈ గుర్తుల మధ్య సర్దండి. రాజు లేని కాలంలో దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ 1649కీ, రెండో చార్లెస్ తిరిగొచ్చిన 1660కీ నడుమ పడతాడు. ఇద్దరు చార్లెస్‌లను కలిపేయడం చాలామంది చేసే తప్పు.

ట్యూడర్ రాజవంశం దగ్గర కాస్త ఆగాలి. ఎనిమిదో హెన్రీ మొదటి భార్య కేథరిన్ కూతురు మేరీ, రెండో భార్య ఆన్ బొలీన్ కూతురు ఎలిజబెత్, మూడో భార్య జేన్ సీమోర్ కొడుకు ఎడ్వర్డ్. గద్దె మాత్రం ముందు ఎడ్వర్డ్‌కే, ఎందుకంటే మగపిల్లవాడు. తర్వాతే పెద్ద కూతురు మేరీ, ఆపైన ఎలిజబెత్. 1588లో స్పెయిన్ నౌకాదళం ఓడింది ఈ ఎలిజబెత్ కాలంలోనే. కారణం తెలిస్తే వరుస తప్పదు.

రాజులు కాని వాళ్లనూ వదలొద్దు. 1810లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో కర్రీ హౌస్ తెరిచిన షేక్ దీన్ మహమ్మద్ మన దేశం నుంచి వెళ్లినవాడే, అధికారిక పుస్తకంలో ఉన్నాడు.

కొన్ని ప్రశ్నలకు రెండు జవాబులు ఎంచుకోవాలి. ఒక్కటి నొక్కేసి ముందుకు పోవద్దు.

బుకింగ్ మూడు రోజుల ముందే చేయాలి, ఫీజు 50 పౌండ్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ గడిలో ఎలా ఉంటే అలాగే నింపండి. మన పేర్లు తారుమారయ్యేది ఇక్కడే. పేరు కలవకపోతే పరీక్ష రాయనివ్వరు, ఫీజూ తిరిగి రాదు. పరీక్ష తప్పితే ఏడు రోజులాగి మళ్లీ రాయొచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి.