మిరుగం ముందు ప్లాస్మా పట్టేవాళ్లకు

మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడుతోంది. వరంగల్ చుట్టుపక్కల వెల్డింగ్ షాపుల్లో ఇక ఊపిరి సలపని పని. దమ్ముకు కేజ్ వీల్స్, ట్రాలీ డోర్లు, గొర్లు, నాగళ్లు అన్నీ తొలకరికి ముందే తయారు కావాలి. వాన, ఉక్కపోత మొదలయ్యేదీ అప్పుడే. ఏళ్లుగా రాడ్డు వెల్డింగ్ చేసిన చేతులు చాలా షాపుల్లో ఇప్పుడు ప్లాస్మా మిషన్ పట్టుకుంటున్నాయి. మిషన్ మారింది, అలవాట్లు మారలేదు. నా భయం దాని గురించే.

ముందు అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. వాయువును విపరీతంగా వేడిచేస్తే అందులోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, అది కరెంటును మోయగలుగుతుంది. ఆ స్థితే ప్లాస్మా. టిగ్‌లో, అంటే ఆర్గాన్ వెల్డింగ్‌లో, ఆర్క్ (కరెంటు మంట) బయటికి రాగానే విచ్చుకుంటుంది. ప్లాస్మా టార్చిలో ఎలక్ట్రోడ్ రాగి నాజిల్ లోపలే ఉంటుంది, ఆర్క్ సన్నటి రంధ్రంలోంచి బయటికి రావాలి. అలా ఇరికించడం వల్లే వేడంతా ఒక్కచోట చేరి 20,000 డిగ్రీలు దాటుతుంది. యూనియన్ కార్బైడ్ కంపెనీలో రాబర్ట్ గేజ్ చేసిన ఈ టార్చికి 1957లో పేటెంట్ వచ్చింది. ముందు ఎలక్ట్రోడ్‌కు, నాజిల్‌కు మధ్య చిన్న పైలట్ ఆర్క్ వెలుగుతుంది, తర్వాత అసలు ఆర్క్ జాబ్ (మనం పనిచేసే ముక్క) మీదికి దూకుతుంది. దాదాపు 100 ఆంపియర్లు దాటితే ఆ ధార ప్లేటును ఆసాంతం తొలుస్తుంది. టార్చి ముందుకు జరిగేకొద్దీ కరిగిన లోహం వెనక పూడుకుంటూ వస్తుంది. దీన్నే కీహోల్ అంటారు. అదే ధారకు గాలి వేగం జోడించి కరిగిన లోహాన్ని కిందికి ఊదేస్తే అది కటింగ్. మన షాపుల్లో ప్లాస్మా అంటే ఎక్కువగా ఈ కటింగే.

ఇప్పుడు అసలు సంగతి. రాడ్డు మిషన్‌లో ఆర్క్ వెలగనప్పుడు హోల్డర్ దగ్గర ఉండేది సుమారు 60 నుంచి 80 వోల్టులు. రాడ్డు మారుస్తుంటే చురుక్కుమంటే దులుపుకుని పనిచేసేవాళ్లను అందరం చూశాం. కటింగ్ ప్లాస్మాలో అది 200 నుంచి 400 వోల్టుల డీసీ. చెమటతో నానిన గ్లవ్స్, తడి గచ్చు, కాళ్లకు రబ్బరు స్లిప్పర్లు ఉంటే దులుపుకునే అవకాశమే ఉండదు. మీటర్ దగ్గర ట్రిప్పర్ ఉంది కదా అని ధీమా పడకండి. అది కాపాడేది మిషన్‌లోకి వచ్చే కరెంటు వైపు. టార్చి వైపు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ అవతలిది కాబట్టి, అక్కడ షాక్ కొడితే ఆ ట్రిప్పర్‌కు తెలియనే తెలియదు.

అందుకే నాజిల్ గానీ ఎలక్ట్రోడ్ గానీ మార్చాలంటే బటన్ వదిలితే చాలదు, మెయిన్ ఆఫ్ చేయాలి. తొందరలో ఉన్నప్పుడు అందరూ ఎగ్గొట్టేది దీన్నే. కాళ్ల కింద ఎండిన చెక్క పలక వేసుకోండి. గ్లవ్స్ రెండు జతలు దగ్గర ఉంచుకుని ఒకటి తడిస్తే రెండోది వాడండి. ఎర్త్ క్లాంపు షెడ్డు స్తంభానికో, పక్కనున్న ఇనుప కుప్పకో కాదు, జాబ్‌కే తగిలించాలి. టేపు చుట్టిన జాయింట్లున్న వైరును వానలు పడకముందే మార్చేయండి. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదిలేయండి, తేమ గాలితో నాజిల్ తొందరగా పాడైపోతుంది. జల్లు కొడుతుంటే ఆరుబయట పని ఆపడమే, రైతన్న ఎంత తొందరపెట్టినా సరే.

జల్లు లోపలికి రాకుండా షట్టర్ దించడం వానకాలంలో మామూలే, అప్పుడు లోపలి వాయువు బయటికి పోదు. వెల్డింగ్‌కు వాడే ఆర్గాన్ గాలికంటే దాదాపు 1.4 రెట్లు బరువు. రంగు లేదు, వాసన లేదు, గుంతల్లో, ట్యాంకుల్లో అడుగున నిలుస్తుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 19.5 కంటే తగ్గితే ప్రమాదంగా లెక్కిస్తారు. బాగా తగ్గితే దగ్గు కూడా రాదు, మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. ట్యాంకు లోపల పనుంటే బయట ఒకరు కాపలా ఉండాలి, ఫ్యాన్‌తో గాలి కొట్టాలి. గాలి కోసమని ఆక్సిజన్ సిలిండర్ మాత్రం వదలొద్దు, బట్టలు భగ్గుమంటాయి. భోజనానికి లేచేటప్పుడు టార్చిని పైపుతో సహా బయటికి తీయండి. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దూకొద్దు. పాడుబడ్డ బావుల్లో ఒకరి వెనక ఒకరు దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం మన జిల్లాలకు కొత్త కాదు.

పొగ విషయం. జీఐ షీటు (జింకు పూత ఉన్న రేకు) కోస్తే జింకు పొగ వస్తుంది, రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. బెల్లం తింటే, పాలు తాగితే పోతుందనే నమ్మకం బలంగా ఉంది గానీ ఊపిరితిత్తుల్లోకి పోయింది కడుపులోంచి బయటికి రాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో క్రోమియం ఉంటుంది, అది ఇంకా చెడ్డది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకమని తేల్చింది. ముఖానికి కర్చీఫ్ కట్టుకుంటే ఈ పొగ ఆగదు. పొగకు పనికొచ్చే మాస్కు కొనండి, పొగను బయటికి లాగే ఫ్యాన్ పెట్టండి. బ్రేక్ క్లీనర్ లాంటి క్లోరిన్ ద్రావకాలతో తుడిచిన ముక్క మీద ఆర్క్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. పురుగుమందు డ్రమ్ములు, పాత డీజిల్ ట్యాంకులు ఖాళీగా కనిపించినా కోయొద్దు. పత్తి చేలున్న ఊళ్ల నుంచి అలాంటివి చాలానే వస్తాయి.

కళ్లకు 100 ఆంపియర్ల దాకా కనీసం 8వ నంబరు అద్దం, ఆపైన వెల్డింగ్‌కు 10. పైలట్ ఆర్క్ చిన్నదే కదా అని అద్దం ఎత్తి చూడొద్దు. బడి నుంచి వస్తూ షాపు ముందు ఆగి చూసే పిల్లలకు తడికో, రేకో అడ్డం పెట్టండి. వెల్డింగ్ తగిలితే కొన్ని గంటల తర్వాత, సాధారణంగా రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఆలుగడ్డ ముక్కలు, తల్లిపాలు వద్దు. కళ్లు మూసుకుని చల్లటి తడిగుడ్డ వేసుకోండి. తెల్లారేసరికి తగ్గుముఖం పట్టకపోతే కంటి డాక్టరు దగ్గరికి పోండి. మెడికల్ షాపులో మొద్దుబార్చే చుక్కలు అడిగి తెచ్చుకుని పదేపదే వేసుకుంటే కంటిపొర దెబ్బతింటుంది.

షాక్ కొట్టినవాణ్ని చేత్తో లాగకండి. ముందు మెయిన్ ఆఫ్, తర్వాత 108. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చుని ‘నాకేం కాలేదన్నా’ అన్నా సరే, ఎంజీఎంకో దగ్గర్లోని దవాఖానకో తీసుకుపోయి ఈసీజీ తీయించండి.