ఘాట్ ఎక్కే ముందు గేర్ రాడ్‌ను ఒకసారి పట్టి చూడండి

వేసవి సెలవులకు కడప నుంచి హార్సిలీ హిల్స్ బయలుదేరేవారు టైర్లలో గాలి చూసుకుంటారు, ఏసీ బాగు చేయించుకుంటారు. గేర్ రాడ్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ దాటాలి. పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు కడప వైపు దిగుడు, ముందూ వెనకా బరువు లారీలు. గేర్లు మొరాయిస్తే అక్కడ ఆలోచించుకునే వ్యవధి దొరకదు.

నాకు కిందటి వేసవిలో కడపలోనే, అప్సర సర్కిల్ దగ్గర ఇలా జరిగింది. మూడో గేరు నుంచి రెండుకు లాగబోతే, గంజిలో గరిటె తిప్పినట్టు రాడ్ ఎటు పడితే అటు తిరిగింది. బండి మాత్రం మూడో గేరులోనే ఉండిపోయింది. క్లచ్ తొక్కి, ఎడమకు చేర్చి ఆపాను. మెకానిక్ వచ్చి రాడ్ చుట్టూ ఉన్న కవరు పైకెత్తి, రెండు ముక్కలైన ప్లాస్టిక్ బుష్‌ను నా అరచేతిలో పెట్టాడు. చింతగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. "ఇది ఒక్కరోజులో విరిగేది కాదు సార్, కొన్నాళ్లుగా రాడ్ ఊగుతూ ఉండాలే" అన్నాడు. నిజమే, రెండు నెలలుగా ఊగుతూనే ఉంది.

ఇప్పటి మాన్యువల్ కార్లలో చాలావాటికి రాడ్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య కేబుళ్లు ఉంటాయి. వాటి కొనలను పట్టి ఉంచేవి ఈ బుష్‌లు. బుష్ విరిగినా, కేబుల్ తెగినా రాడ్ వదులైపోతుంది కానీ, గేర్‌బాక్సు సాధారణంగా అంతకుముందు పడిన గేరులోనే ఉంటుంది. దిగుడులో ప్రాణం కాపాడే సంగతి ఇదే. రాడ్ వదులు కాగానే మన కాలు దానంతట అదే క్లచ్ మీదికి పోతుంది. ఘాట్‌లో ఆ పని చేయకండి. క్లచ్ తొక్కితే ఇంజిన్ పట్టు పోయి బండి జారడం మొదలుపెడుతుంది. రాడ్‌తో కుస్తీ మానండి, ఆ గేరులోనే ఉండనిచ్చి బ్రేకుతో వేగం తగ్గించండి, ఆగబోయే ముందు మాత్రమే క్లచ్ తొక్కండి.

యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తున్నా బండికి లాగుడు లేదంటే న్యూట్రల్‌లో పడిందన్నమాట. ఇక బ్రేకే దిక్కు. సన్నగా అదిమిపెట్టి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. గట్టిగా నొక్కి వేగం దించండి, వదలండి, మళ్లీ నొక్కండి. వెడల్పు చోటు కనబడగానే ఆపేయండి. బ్రేకు చాలకపోతే హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకుని మెల్లమెల్లగా పైకి లాగండి. ఎంత కంగారు పుట్టినా నడుస్తున్న బండిలో తాళంచెవి తిప్పకండి. బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళంచెవి బయటికి వస్తే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు.

ఆగిన తర్వాత హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఏ గేరులో ఉందో తెలియని బండిని గేరు మీద నమ్మి వదలకూడదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక మలుపులో కనబడేంత దూరాన ఎర్ర త్రికోణం పెట్టి, పిల్లలను దింపి రోడ్డుకు ఎడంగా నిలబెట్టండి. జాతీయ రహదారి కాబట్టి హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయవచ్చు.

రాడ్ వదులు కాకుండా బిగుసుకుపోతే కథ వేరు. ఇంజిన్ ఆపి గేరు వేసి చూడండి. సులువుగా పడితే తప్పు రాడ్‌ది కాదు, క్లచ్‌ది. పెడల్ కిందికి దిగిపోతుంటే క్లచ్ ఆయిల్ కారుతుండవచ్చు. చాలా కార్లలో బ్రేకుకూ ఆయిల్ అదే డబ్బాలోంచి వస్తుంది, కాబట్టి అక్కడి నుంచి బండి కదపకండి. ఆటోమేటిక్ కారు పార్కింగ్ నుంచి కదలకపోతే, బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్ర లైటు వెలుగుతుందో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే బ్రేకు స్విచ్చినో ఫ్యూజునో అనుమానించాలి. ఆటోమేటిక్‌ను తాడు కట్టి లాగించవద్దు, లారీ మీద ఎక్కించాలి.

బయలుదేరడానికి వారం ముందే, ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. గేరులో ఉన్నా రాడ్ బాగా ఊగుతుంటే, రివర్స్ ఒక్కోసారి పడకపోతుంటే షెడ్డుకు తీసుకెళ్లండి. తీగతో కట్టిన బుష్ ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఘాట్‌కు పనికిరాదు. తిరుగు ప్రయాణంలో పాలకోవా కోసం గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతారు. మళ్లీ బండి తీసే ముందు, ఒకటి నుంచి రివర్స్ దాకా ఇంకొకసారి వేసి చూసుకోండి.