పేటెంటు విలువను ఉటంకింపులతో అంచనా వేయడం ఎలా?

ఒక పేటెంటును తర్వాతి పేటెంట్లు ఎన్నిసార్లు పేర్కొన్నాయో చూస్తే దాని విలువ కొంత అందుతుంది. ఒకటి తీసుకుని చేసి చూద్దాం.

మొదట గూగుల్ పేటెంట్స్‌లో 6285999 అనే సంఖ్యకు ముందు యూఎస్ చేర్చి వెతకండి. లారీ పేజ్ ఆవిష్కర్తగా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం హక్కుదారుగా 2001 సెప్టెంబరు 4న మంజూరైన పేజ్‌ర్యాంక్ (వెబ్ పేజీలకు ర్యాంకు ఇచ్చే గూగుల్ పద్ధతి) పేటెంటు వస్తుంది. కిందికి వెళితే రెండు పట్టికలు కనిపిస్తాయి. 'పేటెంట్ సైటేషన్స్'లో ఉన్నవి ఇది పేర్కొన్న పాత పేటెంట్లు. మనకు కావలసింది 'సైటెడ్ బై', అంటే దీన్ని పేర్కొన్న తర్వాతి పేటెంట్ల పట్టిక. తొందరలో మొదటి పట్టికనే లెక్కపెట్టేవారు తక్కువేమీ కాదు.

ఆ వచ్చిన అంకె ఒక్కటే పట్టుకుని ఏమీ తేల్చలేం. ఇరవై ఏళ్లు దాటిన పేటెంటుకు వందలు పోగవుతాయి, నిరుడు వచ్చినదానికి ఒక్కటీ ఉండకపోవచ్చు. అందుకే అదే సంవత్సరంలో, అదే వర్గీకరణ కోడ్‌లో (పేటెంటు ఏ సాంకేతిక రంగానిదో చెప్పే గుర్తు) మంజూరైన ఇరవై ముప్పై పేటెంట్లను తీసి వాటి పక్కన పెట్టి చూడాలి. ఈ పని విసుగే, కానీ అసలు పని ఇదే. అమెరికా పేటెంటును యూరప్ పేటెంటుతో పోల్చకండి. అమెరికాలో తమకు తెలిసిన పాత సమాచారాన్ని దరఖాస్తుదారే బయటపెట్టాలి కనుక జాబితాలు పొడవుగా ఉంటాయి.

తర్వాత పేర్కొన్నది ఎవరో చూడండి. నక్షత్రం గుర్తు ఉంటే దాన్ని చేర్చింది పేటెంటు కార్యాలయ పరిశీలకుడు. కంపెనీ తన పాత పేటెంటునే పేర్కొంటే వేరుగా రాసుకోండి, కొట్టేయకండి: సొంత ఉటంకింపులకూ విలువ ఉందని ఆర్థికవేత్తలు హాల్, జాఫీ, ట్రాజ్టెన్‌బర్గ్ 2005లో చూపారు. ఒక్కో పేటెంటుకు సగటున ఒక ఉటంకింపు పెరిగితే కంపెనీ మార్కెట్ విలువ సుమారు 3 శాతం ఎక్కువగా ఉందన్నది వారి లెక్క. బాగా ఉటంకింపులు పొందిన పేటెంటు పేర్కొంటే దానికి ఎక్కువ బరువు ఇవ్వండి. విచిత్రమేమిటంటే, వెబ్ పేజీల విషయంలో పేజ్‌ర్యాంక్ చేసేదీ అదే.

చివరిగా, పేటెంటు బతికి ఉందా? పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో ఇచ్చిన అమెరికా పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) సవాలు చేయగా 1997లో రద్దు చేశారు. రద్దయినంత మాత్రాన ఉటంకింపుల పట్టిక చెరిగిపోదు. అమెరికాలో మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు కొనసాగింపు రుసుము కట్టాలి. కట్టారో లేదో అదే పేజీలోని చట్టపరమైన వివరాల్లో చూడవచ్చు.