క్లోమ క్యాన్సర్ క్యాఫ్‌లు: కణితి ముక్క నుంచి 3డి జెల్ దాకా

క్లోమ గ్రంథి డక్టల్ అడినోకార్సినోమాలో (క్లోమ నాళాల క్యాన్సర్‌లో) కణితి బరువులో ఎక్కువ భాగం క్యాన్సర్ కణాలు కావు, గట్టిపడిన స్ట్రోమా, అంటే క్యాన్సర్ కణాల చుట్టూ ఉండే పీచు కణజాలం. దానికి కొల్లాజెన్ పోసేవి క్యాన్సర్ అనుబంధ ఫైబ్రోబ్లాస్ట్‌లు, ల్యాబ్‌లో అందరూ అనే క్యాఫ్‌లు. వీటిని పక్కనబెట్టి ఉత్త క్యాన్సర్ కణాల మీద మందు పరీక్షిస్తే వచ్చే ఫలితం సగమే.

కణితి ముక్క నుంచి క్యాఫ్‌లను పెంచాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి. రోగ నిర్ధారణకు కావలసింది పాథాలజిస్టు తీసుకున్నాకే మిగిలిన ముక్క మీకు. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చారో లేదో అప్పుడే రాసుకోండి. విశాఖ నుంచి శ్రీకాకుళంలోని మన ల్యాబ్‌కు నూరు కిలోమీటర్ల పైనే, కాబట్టి యాంటీబయాటిక్ కలిపిన చల్లని డీఎంఈఎంలో (కణాలను పెంచే పోషక ద్రవం, అంటే మీడియం) ముక్కను ముంచి, ట్యూబును ఐస్‌లో పెట్టి తీసుకురండి. ఫ్రీజ్ చేయకూడదు. వచ్చిన రోజే ప్లేటులో పెట్టాలి.

విప్పుల్ ఆపరేషన్‌లో క్లోమం తలను చిన్నపేగు మొదటి భాగంతో కలిపి తీస్తారు కాబట్టి ఆ ముక్కకు చిన్నపేగు బ్యాక్టీరియా అంటుకుని ఉంటుంది. పీబీఎస్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) నాలుగుసార్లు కడగండి. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్‌తో పాటు మొదటి వారం మి.లీ.కు 2.5 మైక్రోగ్రాముల బూజు మందు ఆంఫోటెరిసిన్-బి వేయండి. మన వైపు వానాకాలంలో దీన్ని మానేస్తే బూజు ఖాయం.

ముక్కను స్కాల్పెల్‌తో సుమారు 1 మి.మీ. తునకలుగా కోయండి. 6 గుంటల ప్లేటు అడుగున అడ్డంగా నిలువుగా గీతలు గీసి, గుంటకు నాలుగైదు తునకలు వాటి మీద పెట్టి, ఇంక్యుబేటర్‌లో 20–30 నిమిషాలు అంటుకోనివ్వండి. తర్వాత 10 శాతం సీరం ఉన్న డీఎంఈఎం/ఎఫ్12 గుంటకు 1 మి.లీ. మాత్రమే, గోడ వారగా మెల్లగా పోయండి. ఎక్కువ పోస్తే తునక తేలిపోతుంది. తేలిన తునక నుంచి ఒక్క కణమూ రాదు. మూడు రోజులు ప్లేటు కదపొద్దు. ఒకటి నుంచి మూడు వారాల్లో తునక అంచు నుంచి కండె ఆకారపు కణాలు బయటికి పాకుతాయి. వాటి మధ్య రాళ్లు పరిచినట్టు ఒత్తుగా కనిపించే గుంపులు ఎపిథీలియల్ కణాలు, క్యాన్సర్ పుట్టేది ఈ రకం నుంచే.

ఈ రెంటినీ వేరు చేయడానికి ట్రిప్సిన్ (కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ఎంజైమ్) చాలు. ఫైబ్రోబ్లాస్ట్‌లు ఒకటి రెండు నిమిషాల్లోనే ఊడతాయి, ఎపిథీలియల్ కణాలు ఇంకా అంటుకునే ఉంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తూనే చేయండి, గడియారాన్ని నమ్మొద్దు.

రెండో పాసేజ్‌లో, అంటే కణాలను రెండోసారి కొత్త ప్లేటులోకి మార్చినప్పుడు, అవి క్యాఫ్‌లేనని నిర్ధారించుకోండి. ఫైబ్రోబ్లాస్ట్ గుర్తులైన వైమెంటిన్, పీడీజీఎఫ్ఆర్-బీటా ప్రోటీన్లు ఉండాలి. ఎప్‌క్యామ్, సైటోకెరాటిన్ 19 (ఎపిథీలియల్ గుర్తులు), సీడీ31 (రక్తనాళ కణాల గుర్తు), సీడీ45 (తెల్ల రక్తకణాల గుర్తు) ఉండకూడదు. క్లోమ కణితుల్లో 90 శాతానికి పైగా కేఆర్ఏఎస్ జన్యువులో మ్యుటేషన్ ఉంటుంది గనుక, కణితిలో ఉన్న ఆ మ్యుటేషన్ మీ కల్చర్‌లోనూ తేలితే క్యాన్సర్ కణాలు కలిశాయన్నమాట. కల్చర్‌లో కంటికి కనిపించకుండా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియాకు పరీక్ష తప్పనిసరి.

ఆల్ఫా-ఎస్ఎంఏ (కణం సంకోచించడానికి తోడ్పడే ప్రోటీన్) తక్కువని మాత్రం కల్చర్‌ను పారేయకండి. 2017లో క్యాఫ్‌లలో మైక్యాఫ్ (కండర కణాన్ని పోలినది), ఐక్యాఫ్ (వాపు సంకేతాలిచ్చేది) అని రెండు రకాలు తేలాయి. ఆల్ఫా-ఎస్ఎంఏ ఎక్కువున్నది మైక్యాఫ్. అది తక్కువగా ఉండి వాపు సంకేత ప్రోటీన్ ఐఎల్-6 విడుదల చేసేది ఐక్యాఫ్. గట్టి ప్లాస్టిక్ మీద పెరిగితే దాదాపు అన్నీ మైక్యాఫ్ వైపే మళ్లుతాయి. ఈ రంగంలో ఎక్కువ తప్పుడు నిర్ణయాలు ఇక్కడే పుడతాయి. 2014లో ఎలుకల్లో ఆల్ఫా-ఎస్ఎంఏ కణాలను తొలగిస్తే కణితి తగ్గడం కాదు, మరింత ఉధృతమైంది. క్యాఫ్‌లన్నీ శత్రువులే అనుకుని ప్రయోగం మొదలుపెట్టడం పొరపాటు.

ఐక్యాఫ్ కావాలంటే కణాలను మాట్రిజెల్‌లో (వెచ్చబడితే గడ్డకట్టే ప్రోటీన్ జెల్) పొదిగి, క్యాన్సర్ ఆర్గనాయిడ్‌ల (3డిలో పెంచిన చిన్న కణ గుంపులు) కండిషన్డ్ మీడియం, అంటే అవి పెరిగి తమ స్రావాలు వదిలిన మీడియం, 3–4 రోజులు ఇవ్వండి. మాట్రిజెల్ ఐస్ మీదే కరగాలి, టిప్‌లు కూడా చల్లగా ఉండాలి. మే నెలలో ఏసీ లేని గదిలో అయితే పిపెట్‌లోనే గడ్డకడుతుంది.

ఏడెనిమిది పాసేజ్‌లు దాటితే కణాలు వెడల్పై, విభజన మందగిస్తుంది. ఆ కణాలతో డేటా తీయొద్దు. అందుకే 2–3 పాసేజ్‌లోనే వయల్‌కు 5–10 లక్షల కణాలు, 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరిచి ద్రవ నైట్రోజన్‌లోకి మార్చండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మైనస్ 80 ఫ్రీజర్ ఆదుకోదు, ద్రవ నైట్రోజన్ నిల్వచేసే డ్యూవార్ పాత్ర ఆదుకుంటుంది. సెప్టెంబరులోనే నైట్రోజన్ నింపించుకోండి.

క్యాఫ్‌ల కండిషన్డ్ మీడియానికి 80 శాతం నిండిన ప్లేటును రెండుసార్లు కడిగి, సీరం లేని మీడియంలో 48 గంటలు ఉంచి, ఆ మీడియాన్ని తీసి సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టండి. కణాలు లేని ప్లేటులో అదే మీడియాన్ని అన్ని గంటలూ ఉంచి కంట్రోల్‌గా వాడండి. ప్లేటులోని కణాలను లెక్కబెట్టి ఆ సంఖ్యను మీడియం వయల్ మీద రాయండి.