లైవ్ బ్లాక్‌జాక్, రూలెట్: తేడా ఎక్కడ కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల మన వాళ్లు నలుగురు చేరి ఎవరో ఒకరు ఫోన్‌లో లైవ్ టేబుల్ (స్టూడియోలో నిజం డీలర్ ఆడిస్తుంటే వీడియోలో చూస్తూ పందెం కాసేది) తెరిచారంటే, పది నిమిషాల్లో వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ యాప్ బాగుంటుంది?"

ఆ ప్రశ్న దగ్గరే తేడా మొదలవుతుంది. న్యూజెర్సీలో 2013 నవంబర్ నుంచి ఆన్‌లైన్ క్యాసినో చట్టబద్ధంగా నడుస్తోంది. లైవ్ టేబుళ్లలో చాలావరకు అట్లాంటిక్ సిటీ స్టూడియోల నుంచే వస్తాయి. ఎవల్యూషన్ కంపెనీ 2018లో అక్కడ స్టూడియో పెట్టింది. నాలుగు యాప్‌లు తెరిస్తే నాలుగింట్లోనూ అదే డీలర్, అదే చక్రం కనిపించడం మామూలే. మారేది పైన లోగో. అందుకే పోల్చాల్సింది యాప్‌ని కాదు, టేబుల్‌ని.

బ్లాక్‌జాక్ పడింది, డబ్బు తక్కువ వచ్చింది

10 డాలర్లు పెట్టారు. ఏస్, కింగ్ పడ్డాయి. మొదటి రెండు కార్డులకే 21, దాన్నే బ్లాక్‌జాక్ అంటారు. 15 వస్తాయనుకుంటే 12 వచ్చాయి. యాప్ మోసమేమీ కాదు, మీరు కూర్చున్నది 6:5 టేబుల్, అంటే బ్లాక్‌జాక్‌కి 5 డాలర్లకి 6 ఇచ్చేది. 3:2 టేబుల్ అయితే ఆ 15 వచ్చేవి. మూడు డాలర్లే కదా అనుకోవద్దు. బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకి (ఒకసారి కార్డులు పంచి ఆడితే ఒక చేయి) ఒకసారి పడుతుంది. 10 డాలర్ల చొప్పున 100 చేతులు ఆడితే ఈ ఒక్క రూల్ వల్లే 14 డాలర్ల దాకా అదనంగా పోతుంది. పద్ధతిగా, ఏ కార్డులకి ఏం చేయాలో చెప్పే చార్ట్ చూసి ఆడేవాళ్ల మీద మంచి టేబుల్‌లో క్యాసినోకి మిగిలేది 100 డాలర్ల పందేనికి అర డాలర్ దగ్గర. ఇక్కడ అది దాదాపు రెండు డాలర్లవుతుంది. అట్లాంటిక్ సిటీకి కారేసుకుని వెళ్లినా, తక్కువ మినిమం టేబుళ్ల దగ్గర తరచూ ఇదే కథ.

పరిష్కారం ఆకుపచ్చ గుడ్డ మీదే రాసి ఉంటుంది. డీలర్ చేతుల ముందు వంపుగా ఉండే అక్షరాలు చదవండి. 3 టు 2 అని లేకపోతే బయటికి వచ్చేయండి. దాని కిందే సాఫ్ట్ 17 (ఏస్‌ని 11గా లెక్కేస్తే వచ్చే 17) మీద డీలర్ ఆగుతాడా, ఇంకో కార్డు తీస్తాడా అన్నది ఉంటుంది. ఆగే టేబుల్ మీకు మంచిది, తేడా 0.2 శాతం.

రూల్స్ బాగున్నా డబ్బు కరుగుతోందంటే సైడ్ బెట్లు (అసలు పందేనికి పక్కన పెట్టే అదనపు పందేలు), ఇన్సూరెన్స్ చూసుకోండి. డీలర్‌కి ఏస్ కనిపించగానే ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతారు, అంటే డీలర్‌కి బ్లాక్‌జాక్ పడుతుందని ఇంకో పందెం. పేరులో భరోసా ఉంది కానీ దాని మీద క్యాసినో వాటా 7 శాతం పైనే. ప్రతిసారీ వద్దనండి.

రూలెట్‌లో డబ్బు మరీ త్వరగా అయిపోతోంది

ముందు చక్రం మీద ఆకుపచ్చ గళ్లు లెక్కపెట్టండి. ఒక్క సున్నా ఉంటే 37 గళ్లు, క్యాసినో వాటా 2.70 శాతం. పక్కన డబుల్ జీరో కూడా ఉంటే 38 గళ్లు, వాటా 5.26 శాతం. ఒక్క నంబర్ మీద గెలిస్తే రెండు చోట్లా ఇచ్చేది 35 రెట్లే.

సున్నా ఒక్కటే ఉన్నా కరుగుతోందంటే కారణం వేగం. స్పీడ్ రూలెట్‌లో ఒక స్పిన్‌కి సుమారు 25 సెకన్లు, అంటే గంటకి 144 స్పిన్‌లు. రెండేసి డాలర్లు పెడితే సగటున గంటకి 8 డాలర్ల దగ్గర పోతాయి. 50 సెకన్లకో స్పిన్ తిరిగే డబుల్ జీరో చక్రం మీదా దాదాపు అంతే పోతుంది. మంచి చక్రం వెతుక్కుని మరీ చెడ్డ చక్రం ధర కట్టినట్టు. మామూలు వేగం టేబుల్‌కి మారండి, లేదా రెండు స్పిన్‌లకోసారి పెట్టండి.

లైట్నింగ్ రూలెట్ లాంటి వాటిలో మెరుపు తగిలిన (ఆ స్పిన్‌కి ఆట తనంతట ఎంచిన) నంబర్‌కి 50 నుంచి 500 రెట్లు ఇస్తారు. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. మెరుపు తగలని నంబర్‌కి 35కి బదులు 29 రెట్లే ఇస్తారు. చిన్న మొత్తంతో కూర్చునేవాళ్లకి ఆ టేబుల్ పనికిరాదని నా అభిప్రాయం.

తెర పక్కన మెరిసే పాత నంబర్ల పట్టీని పట్టించుకోకండి. ఏడుసార్లు ఎరుపు పడిన సంగతి బంతికి గుర్తుండదు.

బెట్ పెట్టినా పడటం లేదు

మీ వీడియో వెనకపడింది. లెక్కలోకి వచ్చేది సర్వర్ గడియారం, మీ తెర కాదు. వీడియో క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి, టైమర్ పచ్చగా ఉండగానే పెట్టేయండి.

సీటు దొరకడం లేదు

టేబుల్‌కి ఏడు సీట్లు, శనివారం రాత్రి ఖాళీ ఉండదు. బెట్ బిహైండ్ అంటే ముక్కూమొహం తెలియని మనిషి తెలివి మీద మీ డబ్బు పెట్టడం. అతను 16 మీద తప్పు చేస్తే బిల్లు మీకూ వస్తుంది. అందరికీ ఒకే చేయి పంచి, నిర్ణయం ఎవరిది వాళ్లకే వదిలే ఇన్ఫినిట్ రకం టేబుల్ నయం.

లొకేషన్ ఎర్రర్

ఆడే క్షణానికి మీరు న్యూజెర్సీ లోపలే ఉండాలి, 21 నిండాలి. మన వాళ్ల విషయంలో దొంగ ఎక్కువగా ఆఫీస్ వీపీఎన్. ఆపేసి, వైఫై ఆన్‌లో ఉంచి మళ్లీ చూడండి. జెర్సీ సిటీ ఒడ్డున ఉంటే నది వైపు కిటికీకి దూరంగా జరగండి. రైలెక్కి మన్‌హాటన్ చేరాక మాత్రం ఏ చిట్కా పనిచేయదు.

విత్‌డ్రా పెండింగ్‌లోనే ఉంది

నాకు 60 డాలర్ల కోసం తొమ్మిది రోజులు పట్టింది. లైసెన్స్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. మొదటి ఉద్యోగంలో తెరిచిన బ్యాంకు ఖాతాలో అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మేమిద్దరం వేరు మనుషులం. డబ్బు వేసే ముందే పేరు, అడ్రస్ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెండింగ్‌లో ఉండగా "విత్‌డ్రా రద్దు చేయాలా?" అన్న బటన్ ఊరిస్తుంది, దాని జోలికి పోకండి.

బోనస్ తీసుకున్నా ఇలాగే ఇరుక్కుంటుంది, చెప్పినంత పందెం ఆడేదాకా డబ్బు బయటికి రాదు. చాలాచోట్ల టేబుల్ ఆటల పందెంలో 10 శాతమే ఆ లెక్కలోకి వస్తుంది. 20 డాలర్ల బోనస్‌కి 10 రెట్లు ఆడాలంటే కాగితం మీద 200. రూలెట్‌లో అది 2,000 డాలర్ల పందెం, సగటు నష్టం 54. నేనైతే బోనస్ వద్దంటాను. యాప్ ఎంతకీ తేల్చకపోతే ఈ యాప్‌ల మీద నిఘా పెట్టే న్యూజెర్సీ ప్రభుత్వ విభాగం, డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ముందు యాప్‌కి రాసిన మెయిల్ దాచుకోండి.

ఇండియాలో ఉన్న తమ్ముడికి టెలిగ్రామ్‌లో లింకు వచ్చింది

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా ఆపేసింది. అక్కడ పోల్చుకోడానికి మంచి సైటంటూ లేదు. గెలిచిన డబ్బు కావాలంటే ముందు టాక్స్ కట్టమంటున్నారా? అది మోసం. ఇంకో రూపాయి వేయకుండా, స్క్రీన్‌షాట్‌లు తీసి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

ఆపుదామనుకుంటే ఆపలేకపోతున్నాను

దీనికి టేబుల్ మారిస్తే లాభం లేదు. యాప్‌లో డిపాజిట్ లిమిట్ ఈరోజే తగ్గించండి, మళ్లీ పెంచాలంటే పాత గడువు తీరాలి. అదీ చాలకపోతే న్యూజెర్సీలో ఏడాదికి గానీ, ఐదేళ్లకి గానీ సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్‌లో పేరు రాయించుకోవచ్చు. అప్పుడు ఒక్క యాప్ కాదు, రాష్ట్రంలో అన్నీ మూసుకుంటాయి. ఇండియాలో ఉన్నవాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.